బొటనేలి గోరు

మంగళవారం, రాత్రి

విత్తనపత్తి చేన్ల మొగ్గలు గిల్లుతుంటె నా కుడి బొటనేలి గోరు కండ దాంక ఇరిగింది. నెత్తురు జల్ది ఆగలే. ఈ పనికి గోరే పనిముట్టు. గోరుతోనే మొగ్గను చీరి, లోపల కాడ ఇరగకుంట పుప్పొడంత తీసెయ్యాలె, తెల్లారి దానికి వేరే రకం పువ్వు పుప్పొడి అద్దనీకె. కూలోల్లను చేన్లకు తీస్కపోయె మేస్త్రి నా చెయ్యి చూసి, "గోరు పెరిగినంక రా అక్కా, గప్పటిదాంక ఆటోల ఇంకొకల్లను ఎక్కించుకుంట" అన్నడు.

ఇంటికొచ్చి గంజి వంపుతుంటె నా బిడ్డ సుజాత చెయ్యి చాపింది. ఐదో తరగతి సదువుతుంది.

"అమ్మా, నా గోరు జూడు, మంచిగ పెరిగింది. నీకు తగ్గెదాంక నేను పోత. చిన్న చేతి ఏళ్లయితె మొగ్గ నలగదని మేస్త్రి గూడ అన్నడు."

"మరి బడి?"

"నాల్గు రోజులే గదనే."

ఏడో తరగతిల నేను గూడ నాల్గు రోజులకే అని పోయిన, మల్ల బడికి పోలే. గీ మాట దానికి చెప్పలే. వద్దని గూడ అనలే. గదే పరేషాన్.

అది నిద్రవోయినంక బ్లేడు తీసుకొని దాని గోర్లు ఒక్కొక్కటి కత్తిరించిన. దాని కుడి బొటనేలి కాడికి వచ్చినంక, పోయే కూలి పైసలు యాదికొచ్చి చెయ్యి ఆగింది.

బ్లేడు పక్కనే ఉన్నది. నేను గిది రాసుకుంట కూసున్న.