పైవాటా తాళంచెవులు

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది, దాంతోపాటు నీ కోపమూ అందింది. ఇంట్లో నీకూ సగం ఉంది, కోప్పడొచ్చు. అద్దె కాగితం గడువు దాటి మూడు నెలలైనా పైవాటా సర్వేయరుగారు కొత్తదాని మీద సంతకం పెట్టడం లేదు, నిజమే. మొండిమనిషి, అదీ నిజమే. అయినా వకీలు నోటీసు మాత్రం పంపకు.

ముందు తప్పు నాదే. కాగితంలో పైవాటా కిటికీలు ఆరు అని టైపు చేశాను. "ఏడండీ. తప్పు కాగితం మీద నేను సంతకం పెట్టను" అంటూ ఆయన కిందికి దిగొచ్చారు. ఇద్దరం పైకెళ్లి లెక్కపెట్టాం. ఏడే. మీ బావగారు పోయాక నేను ఆ మెట్లెక్కడం అదే మొదలు. ఆ పూట ఒక మనిషితో అరగంట మాట్లాడాను.

రెండోసారి కుళాయిలు తక్కువ రాశాను. మూడోసారి ఫ్యాన్లు ఎక్కువ రాశాను. అవి పొరపాట్లు కావు. నువ్వు తిట్టినా సరే, ఎవరో ఒకరికి చెప్పుకోవాలిగా.

నీకు భయపడి నిన్న అంతా సరిగ్గా టైపు చేసి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని, "తాళంచెవులు రెండని రాశారు. నా దగ్గర ఒకటే ఉందండీ" అన్నారు.

రెండూ ఆయన చేతిలోని గుత్తికే వేలాడుతున్నాయి.

"అయ్యో, మళ్లీ టైపు చేస్తాను, ఎల్లుండి రండి" అన్నాను.

టైపు మిషను రిబ్బను బాగా అరిగిపోయింది. వీలైతే రెండు కొని పంపు.

అక్క