కుంకుమ భరిణెతో ఇళ్ళ బేరం

జులై 27, ఆదివారం

రేపటి నుంచి నా జీవితం మారిపోతుంది! మా ఆయన చెప్పారు. ఆయనకు ఫోన్‌లో వీడియోలు పెట్టే ఒక గురువుగారు చెప్పారు. పాత ఇల్లు చూసి, బ్రోకరు లేకుండా యజమానినే అడిగి, చవగ్గా కొనాలట. బాగుచేసి ఎక్కువకు అమ్మాలట. ఈ బెంగాలీ ఊళ్ళో, గోల్‌బజార్‌లో జాకెట్టు ముక్కలు అమ్ముకుంటూ ఎన్నాళ్ళని?

అడిగే పని నాది. "మగోడు తలుపు కొడితే బ్రోకరనుకుంటారు. ఆడదానివి, నువ్వెల్తే లోపలికి పిలుస్తారు" అన్నారు. పాలవాడు పలకరిస్తేనే తలుపు చాటుకు వెళ్ళే మనిషిని నేను. అయినా నిర్ణయం అంటే నిర్ణయం. రోజుకో ఇల్లు!

నాకైతే మేం అద్దెకున్న ఈ ఇల్లే కావాలి. పెరట్లో ఎండని బావి. వంటింటి కిటికీలోంచి పోయే రైళ్ళు. పైన ఉండే ఇంటామె సుజాతమ్మగారిని అడుగుదామా అన్నాను. ఆయన నవ్వారు.

"ఆవిడ సచ్చినా అమ్మదు. అయినా తెలిసినోళ్ళతో బేరం వద్దని గురువుగారు సెప్పినారు."

సరే. గురువుగారికి సుజాతమ్మగారు ఎలా తెలుసో!

జులై 28, సోమవారం

ఉదయం: అద్దం ముందు "ఇల్లు అమ్ముతారా అండీ?" బట్టీ. బ్రహ్మాండంగా వచ్చింది. అద్దం అమ్మేసేలాగే కనిపించింది.

సాయంత్రం: వెనక వీధిలో పెచ్చులూడిన ఇల్లు. బెంగాలీ దీదీ తలుపు తీసి, ఏం కావాలంది. "జల్" అన్నాను. ఉత్త నీళ్ళు ఇవ్వకూడదని సందేశ్ మిఠాయి కూడా పెట్టింది. తిని వచ్చేశాను.

ఫలితం: ఇల్లు లేదు. సందేశ్ రెండు.

జులై 29, మంగళవారం

వాన. వానలో ఎవరూ ఇళ్ళు అమ్మరు. (గురువుగారు అనలేదు. నేనే అంటున్నాను.)

భోజనం దగ్గర మా ఆయన కొత్త ఉపాయం చెప్పారు. "ఉత్త సేతుల్తో ఎల్తే నోరు పెగల్దు. కుంకుమ భరిణె పట్టుకొని మనోళ్ళ ఇళ్ళకెల్లు. కుంకుమతో వొచ్చిన ఆడదాన్ని ఎవులు పొమ్మంటారు?"

ఎంత తెలివి! అందుకే ఆయన తలుపులు కొట్టరు, ఉపాయాలు చెబుతారు.

జులై 30, బుధవారం

పక్క వీధిలో శ్యామలగారిల్లు. భరిణె చూడగానే ఆవిడ ముఖం చేటంత అయింది.

"ఏటమ్మా, శ్రావణ శుక్రవారం పేరంటానికేనా? ఈ ఏడు నన్నొక్కరూ పిలవనేదు! ఎల్లుండేనా?"

"ఇల్లు..." అన్నాను.

"మీ ఇల్లు తెలుసులే. సుజాతమ్మ పిన్నిదే కదా. ఎన్నింటికి?"

"అయిదింటికి" అన్నాను. ఇంకేమనను? బొట్టు పెట్టి వచ్చేశాను.

శ్రావణంలో కుంకుమ భరిణెతో గుమ్మమెక్కితే తెలుగువాళ్ళు ఏమనుకుంటారో మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. లక్షణమైన జంట.

జులై 31, గురువారం

ఈ రోజు గట్టిగా అడిగేద్దామని నాలుగిళ్ళు తిరిగాను. నలుగురినీ పేరంటానికి పిలిచాను. ఒకావిడ తోడికోడలిని కూడా తెస్తానంది. తెండి అన్నాను.

"ఎంతవరకొచ్చింది?" అన్నారు మా ఆయన.

"అందరూ రేపు మనింటికే వస్తున్నారు."

"ఓనర్లే మనింటికా! గురువుగారిక్కూడా ఇలా అవనేదే!"

శెనగలు నానబోశాను.

ఆగస్టు 1, శుక్రవారం

కొట్లోంచి జాకెట్టు ముక్కలు వచ్చాయి. శెనగలు, తమలపాకులు, అరటిపళ్ళు. మొత్తానికి పెట్టుబడి పెట్టాం!

సుజాతమ్మగారు మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగి వచ్చారు. గదినిండా ఇళ్ళ యజమానురాళ్ళే. మా ఆయన తలుపు సందులోంచి "అడుగు, అడుగు" అని సైగలు. నేను అందరికీ ఇంకాసిని శెనగలు పెట్టాను.

అప్పుడు శ్యామలగారు, శెనగలు నములుతూనే, "పిన్నీ, ఈ ఇల్లు అమ్ముతావేటి?" అన్నారు.

నేను వారమంతా అద్దం ముందు పట్టిన బట్టీ. ఆవిడకు అద్దం కూడా అక్కర్లేకపోయింది.

"అమ్మేస్తానే. ఈ మెట్లు ఎక్కలేకపోతన్నాను. పార్వతీపురం మా సెల్లి దగ్గరకి ఎల్లిపోదుమని మీ బాబాయి ఎప్పట్నుంచో అంతన్నారు."

శెనగలు అయ్యేలోపు మాటైపోయింది. బ్రోకరు లేడు. అచ్చం గురువుగారు చెప్పినట్టే.

తలుపు సందులో సైగలు ఆగిపోయాయి.

ఆగస్టు 2, శనివారం

సుజాతమ్మగారు పైకి పిలిచారు. దసరాలోగా ఖాళీ చెయ్యాలి. శ్యామలగారివాళ్ళే ఇక్కడ ఉంటారట. నా ముఖం చూసి అడిగారు.

"నీకు కావాలా ఈ ఇల్లు? సెబితే నీకే ఇచ్చీదాన్ని కదమ్మా. కిస్తుల మీదైనా ఇచ్చీదాన్ని. ఒక్కమాట అడగనేదేటి?"

"సిగ్గేసింది" అన్నాను. ఆ మాట మాత్రం గట్టిగానే వచ్చింది.

మా ఆయనకు చెప్పాను. ఆయన గురువుగారి వీడియో పెట్టారు. ఫోన్ లాక్కుని ఆపేశాను. ఇద్దరం వంటింటి కిటికీ దగ్గర నిలబడి, పోతున్న రైలు చివరి పెట్టె దాకా చూశాం.

ఆగస్టు 3, ఆదివారం

రేపటి నుంచి నా జీవితం మారిపోతుంది! ఈసారి ఎవరూ చెప్పలేదు.

రోజుకో ఇల్లు. బ్రోకరు వద్దు. యజమానినే నేరుగా అడగాలి. అద్దెకు.

దిగిన రోజే, సామాను విప్పకముందే, "ఎప్పుడైనా అమ్మితే మాకే" అని కూడా చెప్పాలి.

కుంకుమ భరిణె అలమారలో పెట్టి తాళం వేశాను. రేపు మొదట వెనక వీధి దీదీ. ఏం కావాలంటే "జల్" అనకూడదు. గట్టిగా, తడబడకుండా అడిగేస్తాను.

సందేశ్ పెడితే మాత్రం, తిన్నాక.