ఇక కొత్తది ఒక్కటీ పెట్టను

3వ తేదీ, సోమవారం. ఉదయం 6.10

ఈరోజు నుంచి మా వీడియో ఆటలో కొత్తది ఒక్కటి కూడా పెట్టను! ఉన్న తప్పులు దిద్దడం, అంతే. ఆ మాటే అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి టీవీ పైన అంటించాను.

మూడేళ్ళుగా చేస్తున్నాం. నేను కోడ్ రాస్తాను, అక్క బొమ్మలు గీస్తుంది. కొండ మీది ఊళ్ళో సైకిలు తొక్కుతూ ఉత్తరాలు పంచే అమ్మాయి ఆట. 20వ తేదీలోగా, టీవీకి తగిలించి ఆడుకునే కన్సోల్ తయారుచేసే కంపెనీకి పంపాలి. వాళ్ళు వారం రోజులు పరీక్షించి సరే అంటే జనం ఇళ్ళల్లో టీవీల మీదికి వెళుతుంది. వచ్చే నెల ఒకటిన అక్క ఉద్యోగంలో చేరుతోంది. అడిగింది ఒక్కటే: "నేను ఆఫీసుకి వెళ్ళేలోగా మన ఆట పాసైందని వినాలే."

మిగిలిన తప్పులు: 41. రోజుకి మూడు దిద్దితే పధ్నాలుగు రోజులు. ఇంకా నాలుగు రోజులు చేతిలో ఉంటాయి. నాకు నేనే ముద్దొచ్చాను!

4వ తేదీ, మంగళవారం. మధ్యాహ్నం 1.30

ఐదు దిద్దాను! మిగిలినవి: 36.

మా గది బావ పళ్ళ క్లినిక్ పైన. ఆటలో సైకిలు బ్రేకు కీచుమనేది ఆయన డ్రిల్లు శబ్దమే. భోజనం వేళ పైకి వచ్చి రోజూ అరగంట ఆడి చూస్తారు. ఇవాళ మొదటి గేటు దగ్గరే ఆగిపోయారు.

"ఏంటి బావా, కదలరేం?"

"కుక్క ఉంది జాగ్రత్త అని బోర్డు పెట్టారు కదా మరదలా. అది వస్తుందేమోనని చూస్తున్నా."

"బోర్డు ఒక్కటే. కుక్క లేదు."

"అయ్యో" అని కంట్రోలర్ పక్కన పెట్టేశారు. నిజంగా బాధపడ్డారు. నేను మాత్రం అట్టముక్క వైపు చూసి మనసు రాయి చేసుకున్నాను.

6వ తేదీ, గురువారం. ఉదయం 11.00

బోర్డు ఉండి కుక్క లేకపోవడం తప్పే కదా? తప్పులు దిద్దుతాననే కదా రాసుకున్నాను. కాబట్టి కుక్క కొత్తది కాదు. దిద్దుబాటు.

బొమ్మల పని అయిపోయి ఇంటి దగ్గరున్న అక్కకి చెప్పలేదు. చెబితే చంపుతుంది. బొమ్మ నేనే గీశాను. సూట్‌కేసులా వచ్చింది. అయినా తోక ఊపుతోంది!

మిగిలినవి: 36. కుక్కని లెక్కెయ్యలేదు.

10వ తేదీ, సోమవారం. సాయంత్రం 4.00

వాన పెట్టాను. కొంచెమే. కుక్క అటూ ఇటూ పరిగెత్తడానికి ఒక కారణం ఉండాలిగా. వాన ఉంటే అమ్మాయికి గొడుగు కావాలి. గొడుగు పట్టుకుంటే ఒంటి చేత్తో తొక్కాలి. ఒంటి చేత్తో తొక్కితే పడిపోతోంది.

మిగిలినవి: 52.

అక్క ఇంట్లో ఆఫీసు బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ ఫోన్ చేసింది. "ఎంతవరకు వచ్చిందే?"

"దాదాపు అయిపోయిందక్కా."

అబద్ధమేమీ కాదు. దాదాపు అనే మాటలో చాలా చోటుంది.

14వ తేదీ, శుక్రవారం. మధ్యాహ్నం 12.20

అక్క చెప్పకుండా వచ్చేసింది. టీవీ వైపు చూసి నిలబడిపోయింది.

"ఆ సూట్‌కేసు ఎందుకే మొరుగుతోంది?"

నేను గబగబా టీవీ శబ్దం తగ్గించాను.

"మూడేళ్ళు గీశాను. నా బొమ్మ ఒక్కటి ఈ గది దాటలేదు. నువ్విక్కడ కుక్కల్ని పెంచుతున్నావా?"

అరవలేదు. అరిచినా బాగుండేది. కింద నుంచి బావ గొంతు: "నోరు బాగా తెరవండి." మేమిద్దరం మూసుకుని కూర్చున్నాం.

ఇక్కడైనా నిజం రాసుకోవాలి. దిద్దినకొద్దీ జాబితా తరిగిపోతోంది. అది అయిపోతే అక్క వెళ్ళిపోతుంది, తను కూర్చునే ఎదురు కుర్చీ ఇక ఎప్పటికీ ఖాళీయే. నాకది భయం. అందుకే కుక్కని తెచ్చుకున్నాను. ఈ మాట అక్కతో అనలేకపోయాను.

20వ తేదీ, గురువారం. సాయంత్రం 4.50

పంపేశాను!!

వాన తీసేశాను. గొడుగు తీసేశాను. మిగిలినవి: 0. కుక్కని తీయడానికి మాత్రం చెయ్యి రాలేదు. గేటు దగ్గర బుద్ధిగా కూర్చుంటుంది, ఎవర్నీ ఏమీ అనదు.

కంపెనీ నియమాలన్నీ బావ చేత సరిచూయించాను, ఒక్కటి తప్ప. ఆట మధ్యలో కంట్రోలర్ వైరు పీకితే అంతా ఎక్కడిదక్కడ ఆగాలి. పీకి చూడమంటే, "మత్తు ఇవ్వకుండా నేనేదీ పీకను మరదలా" అన్నారు. నవ్వుకుని వదిలేశాం. ఎప్పుడో వంద సార్లు చూసిందేగా.

27వ తేదీ, గురువారం. ఉదయం 10.15

ఫెయిల్.

కంపెనీ వాళ్ళ జవాబు: "వైరు తీయగానే సైకిలు, మేఘాలు, మనుషులు ఆగుతున్నారు. గేటు దగ్గరున్న గోధుమరంగు పెట్టె మాత్రం తోక ఊపుతూనే ఉంది."

ఏవేవి ఆగాలో జాబితా రెండేళ్ళ కిందటే రాశాను. దొంగతనంగా తెచ్చిన కుక్కని అందులో చేర్చడం మరిచాను. ఇప్పుడు మళ్ళీ వరసలో చివర నిలబడాలి. ఒకటో తేదీలోగా జరిగే పని కాదు.

అక్క రెండుసార్లు చదివింది. నేను ఆపుకోలేకపోయాను. "నా వల్లే అక్కా. ఆట అయిపోతే నువ్వు వెళ్ళిపోతావని..."

"అవకపోతే ఆగిపోతాననుకున్నావా?"

"ఊఁ."

"ఒకటో తేదీ ఆగుతుందా పిచ్చిమొహమా?"

ఇద్దరం ఏడ్చాం.

1వ తేదీ, సోమవారం. ఉదయం 8.40

కిటికీలోంచి చూశాను. కొత్త చెప్పులు, కొత్త బ్యాగు. ఆట పాసైందని వినకుండానే అక్క ఆఫీసుకి వెళ్ళింది. కుక్కని తీసేద్దామని కూర్చున్నాను.

సాయంత్రం 6.20

తీయలేదు. ఇంతలో తలుపు తోసుకుని అక్క వచ్చింది. ఎదురు కుర్చీలోనే కూర్చుంది. ఆఫీసు కాగితాల వెనక గీసిన ఎనిమిది బొమ్మలు నా ముందు పరిచింది. లేచే కుక్క, ఒళ్ళు విరిచే కుక్క, చెవి గోక్కునే కుక్క!

"భోజనం టైములో గీశా. నా ఆటలో సూట్‌కేసు ఉండటానికి వీల్లేదు. వైరు పీకితే ఆగేలా చెయ్యి."

"రోజూ వస్తావా?"

"పాసయ్యేదాకా వస్తా. ఆ తర్వాత నాకు కాస్త విశ్రాంతి కావాలే తల్లీ."

2వ తేదీ, మంగళవారం. ఉదయం 6.10

కొత్త అట్టముక్క. రాత్రి వెళ్ళేముందు అక్కే రాసింది: ఇక కొత్తది ఒక్కటీ పెట్టం! ఇద్దరం సంతకాలు చేశాం. బావ సాక్షి సంతకం పెట్టారు. ఈసారి చాలా గట్టిగా ఉన్నాం.

మిగిలిన తప్పులు: 1.

అక్క సంతకం పక్కన చిన్న పిల్లి బొమ్మ ఉంది. చెయ్యి ఊరుకోక గీసిందట.

పాసయ్యేదాకా వస్తానంది.

కుక్క ఉన్న ఊళ్ళో ఒక్క పిల్లి కూడా లేకపోవడం తప్పే కదా?

మిగిలిన తప్పులు: 2.