వింటర్ టైర్ల సంగతి ముందే చెప్పినందుకు

చంద్రికా,

మంచి నిద్రలో ఉన్నావని లేపలేదు. మా ఆఫీస్ అనురాధ గారి కార్‌లో వెళ్తున్నాను. పదకొండింటికి ఇన్సూరెన్స్ ఆయన మన కారు చూడటానికి వస్తాడు. అప్పటిదాకా కారు కదిలించకు, బంపర్ వేలాడుతోంది. టైర్ షాప్ రసీదు ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద పెట్టాను. టైర్ల ఫొటోలు తీసుకుంటానంటే తీసుకోనివ్వు.

నవంబర్‌లో నువ్వు ఇన్సూరెన్స్ ఏజెంట్‌కి ఫోన్ చేసి, "మంచులో జారకుండా వింటర్ టైర్లు వేయించాం, వాటి కోసం రిమ్‌లు కూడా ఒక సైజు చిన్నవి పెట్టించాం, రాసుకోండి" అంటుంటే, ప్రీమియం పెంచేస్తారన్న భయంతో టేబుల్ కింద నీ కాలు తొక్కాను. నువ్వు కాలు వెనక్కి లాక్కుని మొత్తం చెప్పావు. ఒక్క డాలర్ కూడా పెరగలేదు. నిన్న నేను కారుతో రోడ్డు పక్కనున్న ఎదురింటివాళ్ళ మెయిల్‌బాక్స్ స్తంభాన్ని గుద్దాక, ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ ఆవిడ ఫోన్‌లో మొదట అడిగింది టైర్ల గురించే. నేను నోరు తెరిచేలోపే, "రిమ్‌లు మార్చినట్టు మీ వైఫ్ ముందే చెప్పారు, ఫైల్‌లో ఉంది" అని తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయింది. అప్పుడు నీ కాళ్ళకి దండం పెట్టాలనిపించింది, ముందు నేను తొక్కిన కాలికి.

తేజ

తా.క. మంచు మీద కారు జారిందని నీకు చెప్పాను కదా, జారలేదు. టైర్లు బాగానే పట్టాయి. నేనే కాఫీ కప్పు పట్టుకుని ఒంటి చేత్తో మలుపు తిప్పాను. పొద్దున్నే ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేసి ఆ మాట చెప్పేశాను. నీకు చెప్పే ధైర్యం లేకే లేపలేదు.