గీత గీసిన ట్యూబు

రాజోలు,
9-3-1986

చి. జీవరత్నానికి మామయ్య దీవెనలు.

నీ ఉత్తరం అందింది. జనవరిలో అమెరికా వాళ్ల ఆకాశనౌక పేలిపోయాక నీకు ఈ ఆలోచన వచ్చిందన్నావు. రేపెప్పుడో ప్రైవేటు కంపెనీలు టిక్కెట్లు అమ్మి మనుషుల్ని ఆకాశంలోకి తీసుకెళ్తే ప్రభుత్వం ఏ రూల్సు పెట్టాలో లా కాలేజీలో వ్యాసం రాస్తున్నావట. ఇరవై ఏళ్లుగా గోదావరి లాంచీలు తనిఖీ చేస్తున్నవాణ్ణని నన్నడిగావు.

రూల్సుకేం, మా దగ్గర బీరువా నిండా ఉన్నాయి. ప్రతి లాంచీలో పన్నెండు తేలే ట్యూబులుండాలని ఒక రూలు. క్రితం నెల ఒక ట్యూబు మీద నా కలంతో చిన్న గీత గీశాను. ఆ వారంలోనే అదే ట్యూబు మరో మూడు లాంచీల్లో కనిపించింది. ఆ లాంచీల ఓనరు తాతబ్బాయిగారిని అడిగితే, "ఆయ్, తమరొచ్చే రోజుకి సర్దుతున్నామండీ. ఇన్నేళ్లలో ఎవరైనా మునిగేరాండీ?" అన్నారు. పై ఆఫీసుకి రాశాను. లాంచీలు ఆపితే జనం ఇబ్బంది పడతారని జవాబొచ్చింది. నాలుగు లాంచీలకీ అన్నీ సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టేశాను. ఇంక ఓపిక లేదురా.

నీ వ్యాసంలో ఒక్క ముక్క రాయి. సంతకం పెట్టినవాణ్ణి, వాడి పెళ్లాంపిల్లల్ని మొదటి ట్రిప్పులో ఎక్కించాలని.

ఈస్టరుకి వస్తానన్నావని మీ అత్తయ్య ఎదురుచూస్తోంది. రైలు దిగి రేవు దాటొద్దు. లాంచీలో అరగంటేనని నాకూ తెలుసు. అయినా చుట్టూ తిరిగి రావులపాలెం మీదుగా బస్సులో రా.

మామయ్య