కొత్త రబ్బరు వాసన

హుస్నాబాద్,
సోమవారం, 10-4-1961

సారయ్య మామకు దండాలు.

ఇది చదివే దాకా డాక్టరు గారి కారు స్టార్టు చేయకండి. ఉత్తరం మీ చేతికే ఇస్తానని కరీంనగర్ బస్సు కండక్టరు రాజం ఒప్పుకున్నాడు.

నిన్న ఇంజను కింద కొత్త రబ్బరు దిమ్మలు వేయడానికి ఇంజను పైకి లేపినప్పుడు, దాన్ని కింది చాసీ చట్రంతో కలిపే రాగి పట్టీ విప్పాను. మళ్లీ బిగించడం మరిచాను. ఇందాక షెడ్డు ఊడుస్తుంటే జాకీ వెనక దొరికింది.

రబ్బరులోంచి కరెంటు పోదని నాకు నేర్పింది మీరే. పట్టీ లేకపోతే సెల్ఫ్ కొట్టినప్పుడల్లా బ్యాటరీ కరెంటంతా యాక్సిలేటరు వైరులోంచి పోతుంది. వైరు కాలి పట్టేస్తే మీరు కాలు తీసినా బండి వేగం తగ్గదు. రేపు దర్శనమయ్యాక కొండగట్టు దిగేటప్పుడు అట్లా అయితే? వెనక సీట్లో డాక్టరు గారి పిల్లలు, అత్తమ్మ ఉంటారు.

మీకు నిన్ననే అనుమానం వచ్చింది. "కాలిన వాసనొస్తుందిరా, బానెట్ తియ్యి, జర సూస్త" అన్నారు.

"గది కొత్త రబ్బరు వాసన మామా. ఇంక గూడ నా పని మీద నమ్మకం లేదా?" అన్నాను. నలుగురిలో నామోషీ అనిపించి, బానెట్ మీద చెయ్యి పెట్టి తీయనివ్వలేదు.

పట్టీ ఈ కవరులోనే ఉంది. నేనే ఈ బస్సెక్కాల్సింది. మీ ముందు నిలబడడానికి మొఖం చెల్లలేదు. అందిందని రాజంతో కబురు చేయండి, అందాకా బస్టాండులోనే ఉంటాను.

బానెట్ తీయండి మామా. నా పని ఒక్కసారి చూడండి.