నాయన నల్ల బీరు రొట్టె

పుష్పా,

నేనూ మీ చిన్నాయనా సామాన్లకు అనంతపురం పోతాండాము. ఈపొద్దు మీ నాయన పదకొండో దినం. బెంగళూరు బేకరీలో ఆయన నేర్చుకొచ్చిన రొట్టె చేసిపెట్టు, సాయంత్రం సమాధి మీద పెట్టాల.

మూడు గ్లాసుల మైదాలో మూడు స్పూన్లు బేకింగ్ పౌడరు, కొంచెం చక్కెర, ఉప్పు వెయ్యి. బీరువా వెనక నల్ల బీరుండాది, అర సీసా కలుపు. ఈస్టు వద్దు, నానబెట్టే పని లేదు. కుక్కర్లో ఇసుక పోసి, పిండి గిన్నె దించి, విజిలు, రబ్బరు తీసేసిన మూత పెట్టి సన్నసెగన గంట ఉంచు.

మీ చిన్నాయన బ్రాందీ పెడ్తానంటాడు. పెట్టనీ. బీరు సీసాలు చూసి ఊరంతా మీ నాయన్ని తాగుబోతనుకున్నారు. ఆయన గుక్క గూడా తాగలేదు.

అమ్మ

ఒక ముక్క నాకు తీసిపెట్టు. మత్తెక్కుతాదని ఇన్నేండ్లూ నేను ముట్టలేదు.